ఊరు పుట్టినప్పటి పరుపు

పొద్దున పదకొండయ్యేసరికి మా వీధిలో ఆవనూనె కాగుతుంది. ఆ వాసన ముందు ముక్కుకు కాదు, కళ్లకు తగులుతుంది. ఆ తర్వాత గొంతులోకి దిగి అక్కడే కాసేపు కూర్చుంటుంది. కల్లాల్లో ఎండే మిరపకాయల ఘాటుకు పుట్టినప్పటి నుంచీ తుమ్ముతూ బతికిన ఊరు మాది. మార్చి నెలలో మా ఊరి మీదుగా పర్చూరు పోయే బస్సులో ఆడా మగా అందరూ మొహాలకు గుడ్డలు కట్టుకుని దొంగల్లా కూర్చుంటారు. అలాంటి ఊరివాళ్లకు ఇప్పుడు ఒక్క మూకుడు ఆవనూనె పడటం లేదట. టపటపా తలుపులు వేసుకుని, "ఊరు ఊరులా లేదండీ" అని మూలుగుతారు. ఆ మూలుగుల్లో మొన్నమొన్నటిదాకా నా గొంతే పెద్దది.

మారిన మాట నిజమే. రెండువేలు దాటాక ఈ కొద్దేళ్లలోనే స్పిన్నింగు మిల్లులోకి ఒరిస్సా పిల్లలు వచ్చారు, కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు మోయడానికి బీహారు వాళ్లు వచ్చారు, గ్రానైటు కోసేచోట రాజస్థాను వాళ్లు, ఇంగ్లీషు మీడియం బడిలో మలయాళం టీచరమ్మ, బస్టాండు పక్కన మిఠాయి కొట్టు పెట్టిన మార్వాడీ, ఆఖరికి మా ఇంటికి సున్నం కొట్టేవాడు కూడా నన్ను "బాబూజీ" అనేవాడే. ఊళ్లో పనంతా వాళ్లకు వదిలేశాం. వాళ్లు వచ్చారని ఏడ్చే పని మాత్రం మేం ఉంచుకున్నాం.

ఆ ఏడుపుకు ఒక స్థలం ఉంది. మూతపడిన జిన్నింగు మిల్లు గేటు ముందు సిమెంటు బెంచీ. సాయంత్రం నాలుగింటికల్లా ఐదుగురం అక్కడ చేరేవాళ్లం, ఆ సభకు నేను అధ్యక్షుణ్ని. అధ్యక్షుణ్ననడం కాస్త ఎక్కువే. పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగినవాణ్ని, చేతిరాత గుండ్రంగా ఉంటుంది, అర్జీలు రాయించుకోవచ్చని బెంచీ చివర ఇంత చోటిచ్చారు. మిర్చి కమీషను వ్యాపారం చేసిన కోటయ్య మధ్యలో కూర్చునేవాడు. అతని తాత కృష్ణ అవతలి నుంచి తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని వచ్చాడని అతనికి తప్ప అందరికీ తెలుసు. ఆ పక్కన లెక్కల మాస్టారు. వాళ్ల ఇంట్లో ఇప్పటికీ చారును అరవపేరుతోనే పిలుస్తారు. మిగతా ఇద్దరూ వీళ్లేమంటే దానికి తలూపేవాళ్లు, వాళ్ల పేర్లు అనవసరం. ఇలాంటి నికార్సయిన ఊరివాళ్లమంతా కూర్చుని పరాయివాళ్ల గురించి బాధపడేవాళ్లం. అందరిలోకీ అసలు సిసలు ఊరివాణ్ని మాత్రం నేనే. దానికి మా ఇంట్లో రుజువుంది. అది పెద్ద పరుపు.

ఆ పరుపు సంగతి చెప్పాలంటే మస్తాను మామతో మొదలుపెట్టాలి. నా చిన్నతనంలో పత్తి ఏరడాలు అయిపోయి, చలి వెనక్కి తగ్గి, పండుమిరపకాయల తొక్కు రోట్లో ఎర్రగా నలిగే రోజుల్లో దూదేకుల మస్తాను భుజాన విల్లు వేసుకుని మా వాకిట్లోకి వచ్చేవాడు. మనిషికంటే పొడుగు విల్లు. దానికి నరం బిగించి, చేతిలో చెక్క గుండుతో దాన్ని మీటితే "టంయ్, టంయ్" అని వీధి వీధంతా మోగేది. అణగారిపోయిన పాత దూది ఆ నరం తగలగానే ఉలిక్కిపడి లేచి, పొగలా పైకెగిరి, మా చూరుకూ, గేదె కొమ్ములకూ, నాయనమ్మ తలకూ అంటుకునేది. ఏకిన దూది గుట్ట నా ఎత్తు ఉండేది. నేను అరుగు మీద నుంచి అందులోకి దూకేవాణ్ని. మునిగిపోతే కాళ్లు పట్టి లాగేవాళ్లని చెబుతుంటాను గానీ, నిజానికి ఒక్కసారే దూకాను, నాయనమ్మ వీపు మీద ఒకటిచ్చింది, ఆ తర్వాత దూకినవాళ్లను చూసి నవ్వడమే.

మధ్యాహ్నం మామకు కొర్రన్నంలో గోంగూర పెట్టి, పైన గేదె నెయ్యి ఒంపేది నాయనమ్మ. ఊళ్లో జొన్నలు తిన్నా వరి తిన్నా మా ఇంట్లో పండగ వస్తే కొర్రలే దంచేవాళ్లు. అదేమిటని ఎవరైనా అడిగితే, "మా వంశంలో అంతే" అని నాయనమ్మ గడ్డం పైకెత్తేది. మస్తాను కూతురు ఖాసింబీ నాలుగేళ్లది, వాళ్ల నాయన వెంట వచ్చి ముక్కు నిండా దూది పెట్టుకుని మా గుమ్మంలో నిద్రపోయేది. పీర్ల పండగకు వాళ్లింటి నుంచి మాకు మలీద వచ్చేది, బెల్లం, రొట్టె, నెయ్యి కలిపి చేతితో పిసికిన ముద్దలు. ఆ పండక్కి నేను నిప్పుల గుండం తొక్కానని మా మనవలకు చెప్పాను. తొక్కింది మస్తాను. నేను మా మేనత్త కొంగు చాటున మలీద తింటున్నాను.

ఇంత మంచిగా చూసుకుంటూనే మా ఊళ్లో ఒక ఆచారం ఉండేది. దూది ఏకేవాడి పక్కన ఇంటివాళ్లు ఒకరు కాపలా కూర్చోవాలి. ఏకేవాడు పిడికెడు దూది ఒళ్లో దాచుకుని పోతాడని భయం. ఏకే పనంతా ఆరుబయట, పదిమంది చూస్తుండగా జరగాలి. మా ఇంట్లో ఆ కాపలా ఉద్యోగం నాది. కొర్రన్నం పెట్టే చేత్తోనే నాయనమ్మ నన్ను అక్కడ కూర్చోబెట్టి, "కళ్లు పక్కకి తిప్పబాకు" అని చెప్పేది. మస్తాను అది విని నవ్వి, "అల్లుడూ, నా చేతులు చూస్తావో కాళ్లు చూస్తావో నీ ఇష్టం, దూది కంట్లో పడకుండా చూసుకో" అనేవాడు. దొంగను పట్టుకోవాలని నాకు భలే ఆశగా ఉండేది. ఏ ఏడూ పట్టుకోలేకపోయాను, ఆ కోపం మామ మీదే ఉండేది.

అన్ని పరుపులూ ఏకించినా పెద్ద పరుపు మాత్రం ముట్టుకునేవాళ్లు కాదు. అది పట్టెమంచం మీద ఉండేది, కొత్త అల్లుళ్లు తప్ప ఎవరూ దాని మీద కూర్చోకూడదు. ఇక్కడంతా అడవిగా ఉన్నప్పుడు మా వంశంవాళ్లు చెట్లు నరికి ఊరు కట్టారనీ, ఈ నల్లరేగడిలో పండిన మొట్టమొదటి పత్తిని అమ్ముకోకుండా ఆ పరుపులో నింపారనీ తాత చెప్పేవాడు. ఎవరొచ్చినా చెప్పేవాడు. పొగాకు బేరానికి వచ్చినవాడు కూడా బేరం ముందు అది వినాల్సిందే.

నాకు పదేళ్లప్పుడు ఒక వాన మా పెంకులు జరిపి తిన్నగా పెద్ద పరుపు మీద కురిసింది. రెండో రోజుకు ఇల్లంతా ఒక వాసన. ఎలక చచ్చిందనుకుని సందులన్నీ వెతికారు. మూడో రోజు తాత పర్చూరు పోయాక నాయనమ్మ మస్తానుకు కబురుపెట్టింది. ఆ ఒక్కసారి మాత్రం ఆరుబయట కాదు, పెరట్లో గడ్డివామి చాటున పరుపు విప్పించింది. నేను యథాప్రకారం కాపలాకి కూర్చున్నాను.

మస్తాను కుట్టు కోసి లోపల చెయ్యి పెట్టి, గుప్పెడు బయటికి లాగాడు. అది దూది కాదు. నల్లగా, బూడిదరంగుగా ముద్దలు కట్టిన గొర్రెబొచ్చు. దాని మధ్య జిల్లేడుకాయల పీచు, చీర పేలికలు.

"పెద్దమ్మా, ఇదేందమ్మా?" అన్నాడు.

"ఏందో నీకు తెలవదా? మీ నాయన చెప్పలా?" అంది నాయనమ్మ.

అతనికి చెప్పలేదట. అప్పుడు ఆమె గడ్డివామికి ఆనుకుని కూర్చుని, ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు గబగబా చెప్పేసింది. మాది పొదిలి పైన మెట్టప్రాంతం. మూడేళ్లు వానలు లేక, మిగిలిన గొర్రెలను తోలుకుంటూ, ఆ పరుపును నెత్తిన మార్చి మార్చి మోసుకుంటూ ఇక్కడికి వచ్చారు. గొర్రె కంపు కొడుతున్నారని ఊళ్లో ఎవరూ అరుగు కూడా ఎక్కనివ్వలేదు. పెద్దమనుషులు వచ్చి ముక్కుకు తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని, వెళ్లిపొమ్మని చెప్పారు. నాయనమ్మకు నెలలు నిండి ఉన్నాయి. మస్తాను నాయన తన దూది కొట్టంలో చోటిచ్చాడు. మా నాయన పుట్టింది ఆ కొట్టంలో, ఈ పరుపు మీద. అది చూసినవాళ్లు ఒక్కొక్కరే పోయాక తాత ఊరు కట్టిన కథ మొదలుపెట్టాడు.

మస్తాను బొచ్చు ఎండబెట్టి, విల్లుతో ఏకి మధ్యలో పెట్టి, పైనా కిందా కొత్త పత్తి పరిచి, ముందుకంటే దగ్గరగా కుట్లు వేశాడు. సూది గుచ్చి దారం కొరికి, "నోరు కుట్టేశా పెద్దమ్మా, దానిదీ నాదీ" అన్నాడు. నాయనమ్మ నా చెవి పట్టుకుని, "నీది నేను కుడతా" అంది. ఆ రోజు కూడా అతను లేచేటప్పుడు పంచె దులుపుకుని, మడతలు విప్పి నాకు చూపించాడు, దూదేమీ తీసుకుపోవడం లేదని. నేను చూశాను కూడా.

నోరు కుట్టించుకున్నవాణ్ని కుట్టించుకున్నట్టు ఉండాలి గదా. తాత పోయాక ఆయన కథ నేను తీసుకుని ఇంకా పెంచాను. ఆయన చెట్లు నరికించి ఊరుకుంటే నేను పులిని కూడా చంపించాను. పంచాయతీ ఆఫీసులో ఊరి చరిత్ర రాయమంటే మొదటి వాక్యంలోనే మా పరుపు పెట్టాను.

ఇక ఈ మధ్య కాలానికి వస్తాను. మస్తాను ఎప్పుడో పోయాడు. ఖాసింబీ కొడుకులకు విల్లు పట్టుకోవడం నామోషీ, ఒకడు ఆటో తోలుతాడు, ఇంకొకడు సెల్‌ఫోన్ల కొట్టులో ఉన్నాడు. కొట్టం ఖాళీగా ఉండి ఎలకలు తిరుగుతుంటే, దూది ఏకే మోటారు మిషను వేసుకుని బీహారు నుంచి వచ్చిన జమీలుకు ఖాసింబీ దాన్ని అద్దెకిచ్చింది. జమీలు, పెళ్లాం, ఏడేళ్ల కూతురు మున్నీ. అంతకుముందు మూడిళ్లవాళ్లు వాళ్లకు లేదన్నారు. పిల్లను బడిలో వేశారు. ఆవనూనె కాగటం మొదలైంది.

బెంచీ మీద మాకు అంతకంటే కావలసిందేముంది? పరాయివాళ్లకు ఇళ్లు అద్దెకివ్వకూడదని పంచాయతీకి అర్జీ రాయాలన్నారు, రాశాను. ముందు ఖాసింబీ చేత కొట్టం ఖాళీ చేయించాలన్నారు, అందరం కలిసి బయలుదేరాం. కొట్టం పోతే జమీలుకు ఊళ్లో ఇంకో చూరు దొరకదని మాకు తెలుసు. తెలిసే వెళ్లాం.

"ఏమ్మా ఖాసింబీ, అద్దెకి నీకు మనూరి మనుషులే దొరకలేదా?" అన్నాడు కోటయ్య.

"దొరక్కేం కోటయ్యగారూ. మా నాయన విల్లు పట్టుకుంటారా అని ఇద్దర్ని అడిగా. సిగ్గేసిందంట. ఈడికి సిగ్గెయ్యలా."

"అది కాదమ్మా," మాస్టారు గొంతు సవరించుకున్నారు, "వాళ్లూ మీరూ ఒకటేనని నీకు అభిమానం ఉండొచ్చు గానీ..."

"ఏం ఒకటండీ? ఆడి మాట నాకు ముక్క అర్థం కాదు, నా మాట ఆడికి తెలవదు. పరుపు సంగతొకటే ఇద్దరికీ తెలిసింది."

గుమ్మంలో నిలబడి మున్నీ మమ్మల్ని వరసగా పరిశీలించి నా దగ్గర ఆగింది. "ఏంది తాతా, అట్టా చూస్తావ్? ఎప్పుడూ మనుషుల్ని చూళ్లేదా?" ఆరు నెలల్లో మా ఊరి భాష, మా ఊరి పొగరుతో సహా వచ్చేసింది దానికి.

అప్పుడు ఖాసింబీ నా వైపు తిరిగింది. "బావా, నువ్వూ వచ్చావా? మీ పెద్ద పరుపును ఎలకలు కొట్టాయని అక్క చెప్పింది. తెచ్చియ్యి, ఏకిస్తా. ఇక్కడే, వాకిట్లో, అందరి ముందరా విప్పిస్తా."

చేతిలోని అర్జీని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఈమెకు తెలుసు, వాళ్ల నాయన చెప్పే పోయాడు, ఇప్పుడు పదిమందిలో నా పీక పట్టుకుంది అనుకున్నాను. అక్కడే ఆ కాగితాన్ని చించేసి, మనమంతా ఎక్కడినుంచి వచ్చామో ఆలోచించండి అని నేను గట్టిగా అడిగానని ఇప్పుడు రాస్తే చదవడానికి బాగుంటుంది. నేను అన్నది, "నాకు షుగరు పడిపోయినట్టుంది." ఇంటికొచ్చి పడుకున్నాను.

మర్నాడు నేను స్నానం చేస్తుండగా మా ఆవిడ రిక్షా పిలిచి పెద్ద పరుపు పంపించేసింది. సంగతి తెలిసి, తడి తువ్వాలుతోనే వీధిలోకి పరిగెత్తాను. నేను చేరేసరికే పరుపు పొట్ట తెరిచి ఉంది. జమీలు పైపత్తి మిషనులో వేసి, దాని తర్వాత బొచ్చు వేశాడు. బొచ్చు ఇనప పళ్లకు చుట్టుకుని మిషను గుర్రుమని ఆగిపోయింది. ఇది చేతి పనే అని సైగ చేస్తే ఖాసింబీ అటక మీది నుంచి మస్తాను విల్లు దించింది. నరం ఎండి తెగిపోయి ఉంటే అతను నైలాను తాడు బిగించాడు. గుండుతో మీటాడు.

టంయ్.

శ్రుతి తప్పి ఉంది గానీ అదే మోత. ఎన్నేళ్లయిందో ఊరు విని. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆవనూనెకు మూసుకున్నవి కూడా. కోటయ్య, మాస్టారు, తలూపే ఇద్దరూ వచ్చేశారు. చెట్ల మీద, చూరు మీద, వాళ్ల భుజాల మీద నల్లటి బొచ్చు వాలుతోంది.

కోటయ్య దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసి అరిచాడు. "చూశారా! ఊరు పుట్టినప్పటి పత్తి కాజేసి గొర్రెబొచ్చు కూరుతున్నాడు! నేను చెప్పలా?"

"బొచ్చుతో సహా దొరికాడు," అన్నారు మాస్టారు.

జనం దగ్గరికి జరిగారు. జమీలుకు మాట అర్థం కాలేదు గానీ గొంతు అర్థమయింది. విల్లు కింద పెట్టి, లేచి, లుంగీ మడతలు విప్పి అందరికీ చూపించాడు. ఆ దులపడం నేను ఎరుగుదును. అప్పుడైనా నోరు విప్పాలి గదా? విప్పలేదు. నా పరువు నిలబడే దారి దానంతటదే వచ్చి నా ముందు కూర్చుంటే, దాని మొహం చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో చెప్పను. ఒకడు జమీలు చొక్కా పట్టుకునేంతసేపు.

మున్నీ వచ్చి నా తడి తువ్వాలు లాగింది. "మా నాయన దొంగ కాదు తాతా. నువ్వు కాపలా కూచోవాలని ఖాసింబీ మామ్మ చెప్పింది గదా? ఎందుకు కూచోలా?"

"కూర్చున్నాను," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "కూర్చున్నానమ్మా, పదేళ్లప్పుడు. ఆయన్నొదలండిరా. ఆ బొచ్చు మాదే. పొదిలి బొచ్చు. గొర్రెలు తోలుకుంటూ వచ్చాం. మా నాయన పుట్టింది ఈ కొట్టంలోనే."

చొక్కా వదిలారు. కోటయ్య చేతిలోని బొచ్చును కింద పడేసి, వేళ్లు వాసన చూసుకుని మొహం చిట్లించాడు. "అందుకేనా మీ ఇంట్లో పండక్కి మెట్టోళ్ల కొర్రన్నం!" అన్నాడు. అందరూ నవ్వారు. తన తాత సంగతి అతనికి ఆ నవ్వులో కూడా తట్టలేదు.

వాళ్లు పోయాక ఖాసింబీని అడిగాను. "అందరి ముందరా విప్పిస్తానని ఎందుకన్నావ్?"

"దూది కొట్టేశామని ఎవరూ అనకుండా ఉండటానికి. మా నాయన అట్టాగే చేసేవాడుగా. ఏం, అందులో బొచ్చుందని నాకేం తెలుసు?"

"మామ చెప్పలేదా?"

"మా నాయనా? ఎవరింటి పరుపులో ఏముందో మా అమ్మకే చెప్పలా."

అర్జీ పంచాయతీకి వెళ్లలేదు. ఊరికి బుద్ధొచ్చి కాదు. రాసే చెయ్యి నాదొక్కటే, నన్ను బెంచీ మీది నుంచి లేపేశారు. అసలు వింత ఆ తర్వాత జరిగింది. ఊళ్లో ఒక్కరూ జమీలుకు పరుపు ఇవ్వలేదు. ఆరుబయట విప్పితే ఏం బయటపడుతుందోనని ఒక్కొక్క ఇంటివాళ్లూ ఫోము పరుపు కొనడం మొదలుపెట్టారు, ముందు కోటయ్య, ఆ తర్వాత మాస్టారు. పాతవి ఊరి బయటికి తీసుకుపోయి తగలబెట్టారు. ఫోము పరుపు కోసి చూసినా పసుపుపచ్చ స్పాంజి తప్ప ఏమీ ఉండదు, మా ఊరివాళ్లకు సరిగ్గా సరిపోయిన పరుపు. జమీలు మిషను అమ్మేసి స్పిన్నింగు మిల్లు పనికి పోతున్నాడు. నేను నిజం చెప్పి అతన్ని కొట్టంలో ఉంచాను, అతని పని మాత్రం పోగొట్టాను.

విల్లు మోత పోయింది, చూరుకు అంటుకునే దూది పోయింది, దూకడానికి గుట్ట లేదు. ఇప్పుడు ఊరు మొత్తానికి ఏకాల్సిన పరుపు ఒక్కటే ఉంది, అది నాది. చలి వెనక్కి తగ్గాక ఒక ఆదివారం జమీలు మస్తాను విల్లు దించుతాడు, పదకొండింటికి ఆవనూనె కాగుతుంటే, వాళ్ల వాకిట్లో కూర్చుని ఏకుతాడు. నేను కుర్చీ వేయించుకుని పక్కన కూర్చుంటాను. కాపలాకి కాదు, ఆ మోత వినడానికి.

అది కూడా అబద్ధమే. విల్లు మోగుతున్నంతసేపూ నా కళ్లు అతని చేతుల మీదే ఉంటాయి.